గువ్వలదిన్నెలో భయం సర్వే

ఆ బుధవారం పొద్దున స్వర్ణలత వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడున్నర బస్సుకు డోన్‌లో ఎక్కాలి. గువ్వలదిన్నె హైస్కూలు దగ్గర దిగాలి. పదో తరగతి పిల్లల చేత ఇరవై అయిదు ప్రశ్నలకు జవాబులు రాయించుకోవాలి. పన్నెండు గంటల బస్సుకు తిరిగొచ్చి మధ్యాహ్నం క్లాసు చెప్పుకోవాలి. ఇంత చిన్న పనికి అడ్డేం వస్తుందిలే అనుకుంది. పదకొండేళ్ళుగా బి.ఇడి. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతున్న మనిషి అలా అనుకోకూడదు.

ఆ పదకొండేళ్ళూ ఆమె తాత్కాలిక లెక్చరరే. పిహెచ్.డి. వస్తే పర్మనెంటు చేస్తామని కాలేజీ వాళ్ళు ఏటా చెబుతున్నారు. పిహెచ్.డి.లో చేరి ఎనిమిదేళ్ళయింది. సిద్ధాంత గ్రంథం రాసేసి, బైండింగు కూడా చేయించి ఏడాది దాటింది. అయితే దాన్ని యూనివర్సిటీ పుచ్చుకోవాలంటే గుర్తింపు ఉన్న పత్రికలో ఒక్క వ్యాసమైనా అచ్చుకు ఒప్పుకున్నట్టు కాగితం కావాలి. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిలోగా ఆ కాగితం తేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి అడగొద్దని రాతపూర్వకంగా తెలియజేశారు కూడా.

పత్రిక అంటే 'అధ్యయన మానసం'. విద్యా మనోవిజ్ఞానానికి అంకితమై కడప నుంచి వెలువడే త్రైమాసిక పత్రిక. దాన్ని చదివేవాళ్ళ కంటే దాంట్లో రాయాలని చూసేవాళ్ళు పదింతలు. వచ్చిన వ్యాసాన్ని పేర్లు బయటపెట్టని ఇద్దరు పండితులు చదివి తీర్పు చెబుతారు. వాళ్ళను సమీక్షకులంటారు. మొదటి సమీక్షకుడు సాధారణంగా మంచివాడై ఉంటాడు. రెండోవాడి పేరు చెబితే ఈ రంగంలో అన్నం సయించనివాళ్ళున్నారు, పేరు తెలియకపోయినా సరే.

స్వర్ణలత వ్యాసం పంపిన పద్నాలుగు నెలలకు జవాబు వచ్చింది. వచ్చి, లాటరీ తగిలిందని చెప్పే మెయిళ్ళ మధ్య స్పామ్‌లో ఇరవై రోజులు పడుకుంది. సోమవారం సాయంత్రం ఏదో వెతుకుతుంటే కంటబడింది. మొదటి సమీక్షకుడు "బాగున్నది" అన్నాడు. రెండోవాడు ఇలా రాశాడు: "రోజూ పది నిమిషాలు శ్వాస వ్యాయామం చేసిన 'ఎ' సెక్షన్ పిల్లలకు పరీక్షల భయం తగ్గిందన్నారు. సంతోషం. ఏమీ చేయని పిల్లలకు కూడా అది దానంతటదే తగ్గి ఉండవచ్చు గదా? 'బి' సెక్షన్‌ను కూడా కొలవండి. 'ఎ' సెక్షన్‌ను మళ్ళీ కొలవండి. రెండూ పోల్చి, మీ ప్రశ్నలన్నీ వెనక జతపరచి ముప్పై రోజుల్లో పంపండి." న్యాయమైన మాటే. అందుకే ఆమెకు మరీ ఏడుపొచ్చింది. అన్యాయమైన మాటయితే కనీసం తిట్టుకోవచ్చు.

ఆ ఇరవై అయిదు ప్రశ్నలు ఆమె సొంతం. మూడేళ్ళు ఊరూరా బళ్ళలో పిల్లలతో కూర్చుని, వాళ్ళు చెప్పిన మాటల్లోంచి ఒక్కొక్కటీ ఏరుకున్నది. పదిహేడో ప్రశ్న మాత్రం ఎవరూ చెప్పలేదు. 'హాల్ టికెట్ నంబరు వేసేటప్పుడు కూడా తప్పు వేస్తానేమోనని చెయ్యి వణుకుతుంది.' అది మైదుకూరులో పదో తరగతి పరీక్ష రాస్తున్న పదిహేనేళ్ళ స్వర్ణలత చెయ్యి.

మంగళవారం ఆమె గువ్వలదిన్నె హెడ్మాస్టరు తిమ్మయ్యకు ఫోన్ చేసింది. తిమ్మయ్య కాదనే మనిషి కాదు. పైగా పరోపకారి. పిల్లలు బడి ఎగ్గొట్టకుండా చూద్దామని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తనే ఒక మెసేజి పెట్టాడు: 'రేపు డోన్ నుంచి మేడం గారు వచ్చి పదో తరగతి బి సెక్షన్ పిల్లల వివరాలు రాసుకుంటారు. ఒక్కరు కూడా మానరాదు. తర్వాత మా బాధ్యత లేదు.'

ఆ చివరి వాక్యం ఆయన ఏ మెసేజికైనా అలవాటుగా తగిలించేదే. కానీ ఎవరో ఒక మేడం బస్సు దిగి, పేర్లు అడిగి, కాగితాల మీద రాసుకుపోయిందంటే దాని అర్థమేమిటో గువ్వలదిన్నెలో మూడేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఊళ్ళో జిరాక్స్ మిషన్ ఒక్కటే ఉంది. బుధవారం ఎనిమిది గంటలకే దాని ఇంకు అయిపోయింది.

స్వర్ణలత బస్సు దిగేసరికి బడి గేటు ముందు డెబ్భై మంది వరుసలో ఉన్నారు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు. వరుసలో మొదట నిలబడిన సోమక్క ఆమె చేతిసంచీ పట్టుకుని ఆపేసింది.

"మేడం, ఆధారు, రేషన్ కార్డు, బ్యాంకు బుక్కు మూడూ తెచ్చినా. కులం సర్టిఫికెట్టు రేపు ఇస్తామన్నారు. సరిపోతాదా?"

"ఇవన్నీ ఎందుకమ్మా?"

"అదేందీ? రాసుకునేకి వస్తివి గదా?"

"ఇది పథకం కాదమ్మా, పరిశోధన. పిల్లలకు పరీక్షలంటే ఎంత భయముందో తెలుసుకుంటానంతే."

సోమక్క వెనక్కి తిరిగి వరుసకంతా వినబడేలా కేక వేసింది. "ఇన్నారా? భయానికంట! పరీక్షల భయం ఉండే పిల్లోల్లకంట!"

"అయ్యో, ఎవరికీ ఏమీ రాదమ్మా. దేవుని మీద ఒట్టు, ఒక్క రూపాయి రాదు."

వరుస మధ్యలో నుంచి రంగన్న అనే ఆయన నవ్వాడు. "దుడ్లు రావని అడక్కముందే చెప్తాందంటే, వస్తాయనే గదప్పా! పోయినసారి ఇండ్ల స్థలాలకు వచ్చినోళ్ళు కూడా ఇట్లే చెప్పిరి. నమ్మి ఇంటికి పోయినోళ్ళకే రాకపాయె."

వద్దన్నకొద్దీ వరుస పెరిగింది. కాదన్నకొద్దీ నమ్మకం బలపడింది. స్వర్ణలత మనస్తత్వశాస్త్రంలో ఈ జబ్బుకు పేరుంది. మందు మాత్రం లేదు.

ఎలాగో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బి సెక్షన్‌లో ముప్పై ఎనిమిది మంది. ప్రతి వాక్యం ఎదురుగా ఒకటి నుంచి అయిదు దాకా ఏదో ఒక అంకె వేయాలి, ఒకటి అంటే అసలు లేదని, అయిదు అంటే ఎప్పుడూ ఉంటుందని చెప్పింది. తలుపు వేసింది కానీ కిటికీలకు రెక్కలు లేవు. ఒక్కో కిటికీలో పది తలకాయలు.

"ఐదు పెట్టు నాయనా, ఐదు!"

"అన్నిటికీ ఐదే! ఆలోచన చెయ్యాకు!"

ముప్పై ఏడు మంది పిల్లలు అమ్మానాయనల మాట జవదాటలేదు. ఎవరైనా ఆలోచించకుండా రాస్తే తెలిసిపోవాలని ఆమె తెలివిగా మధ్యలో ఒక తిరగేసిన వాక్యం పెట్టింది. 'పరీక్ష రోజు నేను ఉత్సాహంగా ఉంటాను.' దానికీ అయిదే. గువ్వలదిన్నె పిల్లలు పరీక్ష పేరు చెబితే గజగజ వణుకుతారు, అన్నం ముట్టరు, నిద్రపోరు, ఉత్సాహంగా కూడా ఉంటారు.

ఒక్క కాగితంలో మాత్రం ఒకట్లూ రెండ్లూ కనిపించాయి. అది సోమక్క కూతురు శివలీలది.

"నాకు లెక్కలంటే ఇష్టం మేడం," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "భయం లేదు. ఉందని రాయమంటే రాస్తా."

స్వర్ణలతకు ఆ పిల్లను దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. అంతలో కిటికీలో నుంచి సోమక్క చేయి లోపలికి వచ్చింది. "భయం లేదంట! ఊరంతా భయపడి సస్తాంటే దీనికి మాత్రం లేదంట! ఏమే, నీకేం రోగం? అందరి మాదిరి భయపడేకి రాదా?" ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పక్క కిటికీ వాళ్ళు కూడా కసిరారు. శివలీల వినలేదు. లెక్కలంటే ఇష్టం ఉన్న పిల్లలతో వచ్చే చిక్కే ఇది.

ఇక్కడితో అయినా పోయేది. కానీ 'ఎ' సెక్షన్ వాళ్ళను మళ్ళీ కొలవాలి కదా. ఆ గదిలోకి పోబోతుంటే రంగన్న అడ్డం వచ్చాడు. ఆయన కొడుకు ఎ సెక్షన్.

"మేడం, మావోనితో పోయినేడు తొమ్మిదిలో ఉన్నెప్పుడే ఇవి రాపిచ్చుకుంటివి. ఎంత వచ్చె వానికి?"

స్వర్ణలత ఆ రోజు చేసిన తప్పు ఇదొక్కటే. గర్వపడింది. "చాలా బాగా తగ్గిందండీ! ఎ సెక్షన్‌లో అందరికీ భయం సగానికి సగం తగ్గింది."

రంగన్న ఇంకా దగ్గరికి జరిగాడు. "తగ్గిందా? ఎవరు తగ్గించమన్నారు?"

"అది మంచిదే కదండీ..."

"ఏం మంచిది మేడం? దినామూ కండ్లు మూసుకోని గాలి పీల్చమంటివి, మా పిల్లోల్లు అమాయకులు, పీల్చిరి. భయం పాయె, లిస్టులో పేరూ పాయె. బి సెక్షనోళ్ళను ఏమీ చెయ్యకుండా వదిలిపెట్టి వాళ్ళ భయం వాళ్ళకు అట్లే పెడితివి. ఇదేం న్యాయం? మా భయం మాకు ఇచ్చెయ్!"

ఇన్నేళ్ళ పరిశోధనలో ఎవరూ ఆమెను ఇంత సూటిగా పద్ధతి లోపం గురించి నిలదీయలేదు. రెండో సమీక్షకుడు కూడా ఇంతే అడిగాడు, కాకపోతే కాలరు పట్టుకున్నంత పని చేయలేదు. ఎ సెక్షన్ ముప్పై ఆరు మందీ ఆ పూట పోయిన భయాన్ని వడ్డీతో సహా తిరిగి రాబట్టుకున్నారు. కిటికీల సాయంతో అన్నీ అయిదులే.

గొడవ విని సర్పంచి మొగుడు ఓబుళేశు మోటారు సైకిలు మీద వచ్చాడు. సర్పంచి ఆయన భార్యే, కానీ సీలు ఆయన జేబులో ఉంటుంది. కాగితాలు తిప్పి చూసి కనుబొమలు ముడిచాడు.

"దీంట్లో పిల్లోల్ల పేర్లు యాడుండాయి?"

"పేర్లు ఉండకూడదండీ. నంబర్లే. ఎవరు ఏం రాశారో ఎవరికీ తెలియకూడదు. పత్రిక నియమం."

"పేర్లు లేకుండా తీస్కపోయి, డోన్‌లో మీకు కావల్సినోళ్ళ పేర్లు రాసుకుంటే మేం ఏం చేసేది?"

జనం ఔను ఔనన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. అరగంటలో డెబ్భై నాలుగు కాగితాల మీదా పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఆధార్ నంబర్లు పడ్డాయి. ప్రతి కాగితం మీదా ఓబుళేశు ధ్రువీకరిస్తూ సీలు కొట్టాడు. శివలీల కాగితం దగ్గర మాత్రం ఆగాడు. "భయం లేదని రాసిన దానికి సీలు వేస్తే రేపు మన ఊరికే నష్టం," అని దాన్ని సీలు లేకుండానే తిరిగిచ్చాడు.

పన్నెండు గంటల బస్సు పోయింది. మూడు గంటల బస్సులో స్వర్ణలత కిటికీ వైపు తిరిగి డోన్ దాకా ఏడ్చింది. గోప్యంగా ఉండాల్సిన కాగితాలకు గ్రామపంచాయతీ ముద్ర. ఎనిమిదేళ్ళు. ఇక తొమ్మిది రోజులు.

మరునాడు పేపర్లో జిల్లా పేజీలో వార్త వచ్చింది. 'భయం సర్వేలో వివక్ష: కొందరికే లబ్ధి అంటూ తల్లిదండ్రుల ఆందోళన.' మధ్యాహ్నానికల్లా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ వాళ్ళు కాలేజీ గేటు దగ్గర కవర్లతో నిలబడ్డారు. ప్రిన్సిపాలు అరుణ్ కుమార్ ఆమెను పిలిపించి తలుపు వేయించాడు.

"ఏంది స్వర్ణలతా ఇది? పదకొండేళ్ళలో మన కాలేజీ గేటు దగ్గరికి అడ్మిషన్లకు కూడా ఇంతమంది రాలేదు."

ఆమె అంతా చెప్పుకుంది. ఆయన ఓపిగ్గా విని, బీరువా తెరిచి తెల్ల కాగితాల కట్ట ఒకటి ఆమె ముందు పెట్టాడు. "ఎందుకింత రచ్చ? ఇంట్లో కూర్చోని ఒక గంట పని. బి సెక్షన్‌కు నాలుగులు, ఎ సెక్షన్‌కు రెండ్లు, మధ్యలో అక్కడక్కడ ఒక మూడు. ఆ కడప పత్రికోళ్ళు గువ్వలదిన్నెకొచ్చి పిల్లోల్లను అడుగుతారా? అందరూ చేసేదే, నువ్వొకదానివి ఏమన్నా హరిశ్చంద్రుని చెల్లెలివా?"

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఆ కాగితాల ముందు పెన్ను తీసుకుని కూర్చుంది. మొదటి కాగితంలో పదహారు ప్రశ్నల దాకా చకచకా వేసింది. పదిహేడో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ ప్రశ్నకు అబద్ధం వేయాలంటే ఆమెకు నిజంగా చెయ్యి వణికింది. కాగితాలన్నీ చింపేసి, జరిగింది జరిగినట్టు నాలుగు పేజీలు రాసింది. పిల్లల జవాబుల మీద ఇల్లూ, ఊరూ, ఆశా ఎలా చెయ్యి వేస్తాయో, బి సెక్షన్ పోలిక ఎందుకు పనికిరాకుండా పోయిందో, ఒక్క పిల్ల మాత్రం ఎందుకు నిజం రాసిందో. ఆ నాలుగు పేజీలూ వ్యాసానికి చేర్చి, ఇరవై అయిదు ప్రశ్నలూ వెనక జతపరచి సోమవారం పొద్దున్నే పంపించింది. పోతే పోయిందనుకుంది. అనుకున్న తర్వాత బాత్రూంలోకి పోయి మళ్ళీ ఏడ్చింది.

ఈలోగా మండల విద్యాధికారి క్రాంతి కుమార్ తన పని తాను చేశాడు. ప్రభుత్వం కదలడానికి ఏళ్ళు పడుతుందంటారు. పేపర్లో వివక్ష అని వస్తే రెండు రోజులు చాలు. తిమ్మయ్యను వివరణ అడిగితే, ఆయన వెంటనే ప్రశ్నల కాగితం ఒకటి పంపాడు. దాన్ని ఆఫీసు పేరుతో ఉన్న కాగితం మీద మళ్ళీ టైపు కొట్టించి, మండలంలోని ప్రతి పాఠశాలలో, ప్రతి సెక్షన్‌లో, ఏ ఒక్కరినీ వదలకుండా నింపించాలని శనివారమే ఆయన సర్క్యులర్ ఇచ్చాడు. వెబ్‌సైటులో కూడా పెట్టించాడు. గువ్వలదిన్నెలో టపాకాయలు కాల్చారు. సోమక్క ఎక్కడో నంబరు సంపాదించి ఫోన్ చేసింది. "లేదు లేదంటానే తెప్పిస్తివి మేడం. నువ్వు సల్లగుండాల!"

గురువారం పొద్దున పది గంటలకు ఇంకో ఫోన్ వచ్చింది.

"అమ్మా స్వర్ణలతా, నేను దేవేంద్రప్పను, కడప నుంచి. 'అధ్యయన మానసం' ఎడిటర్ను. సంచిక ప్రెస్సుకు పోతాండాది, అందుకే తొందర చేపిస్తిని. ఇద్దరు సమీక్షకులూ నీ వ్యాసానికి ఒప్పుకున్నారమ్మా."

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఆ రెండోయన పన్నెండేళ్ళ నుంచి ఎవర్నీ మెచ్చుకున్న పాపాన పోలేదు. నీ నాలుగు పేజీలు చదివి, 'ఈ రంగంలో నిజం రాసినవాళ్ళను చూసి చాలా కాలమైంది' అని రాసినాడు. శానా బాగుండాదమ్మా."

ఎనిమిదేళ్ళలో ఆమెకు దక్కిన సంతోషం అది. ఆయన ఊపిరి తీసుకుని మళ్ళీ మాట్లాడేంత వరకూ నిలిచింది.

"ఒక్కటే చిన్న చిక్కుండాది. ఆ ప్రశ్నలు నీవి కావంట గదా?"

"సార్?"

"మా కంప్యూటరు చూసి చెప్పింది. ఇరవై అయిదుకు ఇరవై అయిదూ మీ మండల విద్యాశాఖ సర్క్యులర్లో ఉండేవే. కామాలతో సహా. ఎత్తిరాసిందాన్ని మేం వెయ్యకూడదు తల్లీ."

"సార్, అవి నావే! వాళ్ళే నా దగ్గర తీసుకున్నారు! మూడేళ్ళు కూర్చుని..."

"నేను నమ్ముతాండానమ్మా. కానీ నువ్వు ఫస్టు పంపినప్పుడు ప్రశ్నలు జతచెయ్యలేదు, ఇప్పుడు చేస్తివి. వాళ్ళది శనివారం, నీది సోమవారం. కంప్యూటరుకు తేదీలే గానీ మనుషులు తెలీరు. ఒక కాగితం తేవాల. వాళ్ళు నీ దగ్గర తీసుకున్నట్టన్నా సరే, నువ్వు వాళ్ళ దగ్గర అనుమతితో తీసుకున్నట్టన్నా సరే. రేపు ఇరవై ఎనిమిదో తేదీ, ఐదు గంటల లోపల."

శుక్రవారం రెండు గంటలకు స్వర్ణలత మండల విద్యాధికారి ఆఫీసులో ఉంది. క్రాంతి కుమార్ చిన్న వయసు వాడు, మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. పోయినేడు ఎ సెక్షన్ పిల్లలు నింపిన పాత కాగితాలు కూడా తెచ్చి చూపిస్తే అన్నీ శ్రద్ధగా చూశాడు.

"మీవే మేడం, అనుమానం లేదు."

"అయితే నా దగ్గర తీసుకున్నట్టు ఒక్క ముక్క రాసివ్వండి సార్."

"అట్లా రాస్తే, ప్రభుత్వ సర్క్యులర్లో ఒక ప్రైవేటు వ్యక్తి ప్రశ్నలు ఎవరి అనుమతితో వాడినావని పైవాళ్ళు నన్నడుగుతారు మేడం. నేను చెప్పలేను. అదే మీరు మా దగ్గర తీసుకున్నారనుకోండి, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు."

"అది అబద్ధం కదా సార్?"

"అబద్ధం కాదు మేడం, అనుమతి," అన్నాడు ఆయన నొచ్చుకుంటూ.

ఆమె గోడ గడియారం వైపు చూసింది. తెల్ల కాగితాల కట్ట ముందు ఒప్పుకోని అబద్ధం ఇప్పుడు ప్రభుత్వ ముద్రతో, టీతో సహా వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒప్పుకోకపోతే ఆ నాలుగు పేజీల నిజం ఎవరూ చదవరు. తన ప్రశ్నలు తనవి కావని రాసుకుంటే చదువుతారు. మూడు గంటల నలభై నిమిషాలకు, 'మీ కార్యాలయం రూపొందించిన ప్రశ్నావళిని నా పరిశోధనలో వాడుకొనుటకు అనుమతించ ప్రార్థన' అని తన చేత్తో తనే రాసి సంతకం పెట్టింది. క్రాంతి కుమార్ 'అనుమతించడమైనది' అని రాసి, కింద ముద్ర వేసి, ఫోటో తీసి కడపకు పంపడానికి తన ఫోను కూడా ఇచ్చాడు.

"ప్రశ్నలు మాత్రం చాలా బాగున్నాయి మేడం," అన్నాడు ఆమెను గుమ్మం దాకా సాగనంపుతూ. "ముఖ్యంగా ఆ పదిహేడోది. మావాళ్ళు ఎట్లా ఆలోచించినారో గానీ!"

ఒప్పుకున్నట్టు కాగితం ఆ సాయంత్రమే యూనివర్సిటీకి చేరింది. వ్యాసం అచ్చయింది. డాక్టరేటు వచ్చింది. పర్మనెంటు సంగతి వచ్చే ఏడు చూస్తామన్నారు. ఆ సంచిక నూట పన్నెండో పేజీ అడుగున, చదవాలంటే కళ్ళజోడు కావలసినంత చిన్న అక్షరాల్లో పత్రిక వారి మామూలు వాక్యం ఒకటుంది: 'ప్రశ్నావళి మండల విద్యాశాఖ వారి సౌజన్యం, ఇందులోని తప్పులు మాత్రం పూర్తిగా రచయిత్రి సొంతం.'